దరఖాస్తు అక్కడే పెట్టేసి ఉండిపోవచ్చా?

విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గరి ఊరి నుంచి ఒకామె పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సంగతి ఇది.

ఆమెకు 29 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. నాలుగేళ్ల పాప. భర్త ఏడాదిన్నర క్రితం ఉద్యోగం మీద జర్మనీ వెళ్లారు, అక్కడ ఆయనకు ఈయూ బ్లూ కార్డు (పెద్ద చదువు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్) ఉంది. వీళ్ల పెళ్లి మొదట్లో రిజిస్టర్ చేయించలేదు. తీరా చేయిస్తే సర్టిఫికెట్‌లో ఆమె ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో మరోలా పడింది. అది సరిచేయించుకునేసరికి నెలలు గడిచిపోయాయి. చివరికి జూలైలో ఫ్యామిలీ వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టారు. అపాయింట్‌మెంట్ ఇంకా రాలేదు.

ఈలోగా ఆమెకూ పాపకూ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) విజిట్ వీసా ఉంది. ఏప్రిల్ 15 నుంచి వచ్చే ఏడాది ఏప్రిల్ 14 వరకు చెల్లుతుంది, ఎన్నిసార్లైనా వెళ్లి రావచ్చు, ఉండే రోజులు 90 అని రాసి ఉంది. వేసవి సెలవుల్లో ఏప్రిల్ 25న అక్కడ దిగి, జూన్ 10న తిరుగు విమానం ఎక్కారు. ఇప్పుడు భర్త సెప్టెంబర్ 1కి అక్కడ దిగేలా మళ్లీ టిక్కెట్లు తీశారు. ఈసారి తిరుగు టిక్కెట్ లేదు. "వచ్చేయ్, ఇక్కడే రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేద్దాం. అప్లికేషన్ ఆఫీసులో ఉన్నంత కాలం ఎవరూ పొమ్మనరు" అన్నది ఆయన ధీమా. ఆయన ఆఫీసులో కొరియా దేశస్థుడి భార్య అలాగే వచ్చి కార్డు తీసుకుందట. రాజాం స్నేహితుడి భార్య కూడా కార్డు కోసం ఎదురుచూస్తూ నెలల తరబడి అక్కడే ఉందట. విశాఖలో ఒక ఏజెంటు 60 వేలు ఇస్తే "వీసా కన్వర్షన్" చేయిస్తానన్నాడు. అత్తగారి మాట ఇంకో రకం: "ఏటమ్మా, వీసా మీద ఏప్రిల్ దాకా అని రాసుంటే మళ్లీ ఈ లెక్కలేటి?"

ఆమెకు భయాలు రెండు. అక్కడ ఇరుక్కుపోతే మాఘమాసంలో చెల్లెలి పెళ్లికి రాలేనేమోనన్నది ఒకటి. వెళ్లనంటే భర్త "నీకు రావాలని లేదు, అందుకే రూల్స్ వెతుకుతున్నావ్" అంటున్నారన్నది రెండోది. స్కూల్లో రాజీనామా కాగితం కూడా ఇచ్చేశారు. ఏం చేయమంటారని అడిగారు.

అమ్మా,

మీ ఆయన చెప్పిన రూలు జర్మనీలో కొందరి విషయంలో నిజమే. మీ విషయంలో కాదు. ఆయన మిమ్మల్ని మోసం చేయడం లేదు. ఎవరికో వర్తించినది మీకూ వర్తిస్తుందని నమ్ముతున్నారు. దూరంగా ఒంటరిగా ఉన్న మనిషికి తనకు కావలసిన జవాబే నిజంలా కనిపిస్తుంది. కానీ ఆ నమ్మకం తప్పయితే ముద్ర పడేది ఆయన బ్లూ కార్డు మీద కాదు, మీ పాస్‌పోర్టు మీదా పాప పాస్‌పోర్టు మీదా. అందుకే మీరు రూల్స్ వెతకడంలో తప్పేమీ లేదు.

మీ దగ్గర ఇప్పుడు రెండు వేర్వేరు వ్యవహారాలు నడుస్తున్నాయి. ఒకటి చేతిలో ఉన్న విజిట్ వీసా, దాన్ని సీ రకం అంటారు. చూసి రావడానికి ఇచ్చినది. రెండోది మీరు ఎదురుచూస్తున్న ఫ్యామిలీ వీసా, డీ రకం. అక్కడ కాపురం పెట్టడానికి ఇచ్చేది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. రెండోది ఎంత ఆలస్యమైనా మొదటిదాని మీద ఒక్క రోజు కూడా పెరగదు. మీ ఇంట్లో జరుగుతున్న గొడవంతా ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే.

మీ అత్తగారి మాట దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది అలాగే చదువుతారు. వీసా స్టిక్కర్ మీద "నుంచి, వరకు" అని ఉండే తేదీలు ఆ వీసాను ఏ కాలంలో వాడుకోవచ్చో చెబుతాయి. ఎన్ని రోజులు ఉండవచ్చో చెప్పేది పక్కనున్న 90 అంకె. 2024 ఏప్రిల్ నుంచి మన భారతీయులకు షెంగెన్ దేశాలు నిబంధనలు కొంత సడలించాయి. మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్నవాళ్లకు రెండేళ్ల వీసా, ఆ తర్వాత అయిదేళ్ల వీసా ఇచ్చే వీలు కల్పించాయి. ఆ అయిదేళ్ల వీసా చేతిలో ఉన్నవాళ్లకైనా ఇదే 90 రోజుల లెక్క. వీసా ఎంత పొడుగైనా మజిలీ పొడుగవదు.

ఇక ఆ లెక్క. మీరు లెక్కల టీచరు కనుక విడమరిచి చెబుతాను, మీ ఆయనకు మీరే వేసి చూపించండి.

ఏ రోజు తీసుకున్నా, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు చూస్తే, అందులో మీరు షెంగెన్ దేశాల్లో ఉన్న రోజులు 90 దాటకూడదు. దిగిన రోజూ లెక్కే, ఎక్కిన రోజూ లెక్కే. ఈ 180 రోజుల కిటికీ జనవరి 1కో వీసా తేదీకో కొత్తగా మొదలవదు, రోజుకొక రోజు ముందుకు జరుగుతూ ఉంటుంది. 90 సీట్ల బస్సు అనుకోండి. నిలబడి ప్రయాణం కుదరదు. మీరు అక్కడ గడిపిన ప్రతి రోజూ ఒక సీటు పట్టుకుని, ఎక్కిన 180 రోజులకు గానీ దిగదు. పాత రోజు దిగితేనే కొత్త రోజుకు చోటు.

వేసవిలో మీరు ఉన్నది ఏప్రిల్‌లో 6, మేలో 31, జూన్‌లో 10, వెరసి 47 రోజులు. మిగిలిన సీట్లు 43. సెప్టెంబర్ 1న దిగితే సెప్టెంబర్ 30 రోజులు, అక్టోబర్ 13 రోజులు కలిసి ఆ 43 అయిపోతాయి. అంటే అక్టోబర్ 13 రాత్రిలోగా మీరు షెంగెన్ దాటి ఉండాలి. 14న అక్కడ కనిపిస్తే గడువు మీరినట్టే. పాత రోజుల్లో మొదటిదైన ఏప్రిల్ 25 దిగిపోయేది అక్టోబర్ 22న. అప్పటికి తొమ్మిది రోజుల ముందే బస్సు నిండిపోయింది.

ఇప్పుడు సెప్టెంబర్ 1 బదులు 9న దిగారనుకోండి. అక్టోబర్ 21 నాటికి కొత్త రోజులు 43, పాతవి 47, సరిగ్గా 90. మర్నాడు ఏప్రిల్ 25 దిగిపోతుంది, దాని చోట అక్టోబర్ 22 కూర్చుంటుంది. 23న ఏప్రిల్ 26 దిగుతుంది. ఇలా రోజుకొకటి దిగుతూ, రోజుకొకటి ఎక్కుతూ డిసెంబర్ 7 దాకా నడుస్తుంది. సెప్టెంబర్ 9 నుంచి డిసెంబర్ 7 వరకు ఎన్ని రోజులో కూడి చూడండి: సరిగ్గా 90. ఎనిమిది రోజులు ఆగి బయల్దేరితే 47 రోజులు ఎక్కువ ఉండవచ్చన్నమాట. టిక్కెట్ తీసే ముందు ఒక్కసారి క్యాలెండర్ చూసి ఉంటే మీ ఆయనకీ ఇది కనిపించేది. యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఈ లెక్క కట్టే కాలిక్యులేటర్ ఉచితంగా ఉంది, మీ పాత తేదీలు వేసి సరిచూసుకోండి.

అలాగని డిసెంబర్ 7 సాయంత్రం విమానానికి టిక్కెట్ తీయకండి. మంచు పడో, సమ్మె జరిగో విమానం రద్దయితే ఆ రాత్రి మీరు ఎక్కడ నిద్రపోతారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. వారం పది రోజులు చేతిలో ఉంచుకోండి. ఇంకో సంగతి. 90 రోజులూ వాడేస్తే మళ్లీ విజిట్ వీసా మీద మార్చి 8 దాకా అడుగు పెట్టలేరు.

మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చిట్కా ఒకటుంది, బోర్డర్ దాటి వస్తే మళ్లీ కొత్తగా 90 మొదలవుతాయని. స్విట్జర్లాండ్ వెళ్లొచ్చినా ఫ్రాన్స్ వెళ్లొచ్చినా షెంగెన్ లోపలే తిరిగినట్టు. 29 దేశాలదీ ఒకటే లెక్క. లండన్ వెళ్తే అక్కడున్న రోజులు లెక్కలోకి రావు గానీ, అప్పటికే వాడేసిన రోజులు చెరిగిపోవు. పాస్‌పోర్టు మీద స్టాంపు సరిగ్గా పడలేదు, ఎవరు చూస్తారులే అనుకునే రోజులూ పోయాయి. 2025 అక్టోబర్ 12 నుంచి దశలవారీగా ఈఈఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చారు. రాకపోకలను ఫొటోతో, వేలిముద్రలతో అదే నమోదు చేసుకుంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు, ఫొటో మాత్రం తీస్తారు. రోజుల లెక్క కూడా అదే కట్టుకుంటుంది. మనిషి మరిచిపోయినా అది మరిచిపోదు.

ఇప్పుడు మీ ఆయన చూపిస్తున్న రెండు సాక్ష్యాలు.

కొరియా ఆవిడ సంగతి నిజమే అయి ఉంటుంది. దక్షిణ కొరియా, జపాన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇజ్రాయెల్, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల పౌరులు వీసా లేకుండానే జర్మనీ వెళ్లి, అక్కడే రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. గడువులోగా పెడితే నిర్ణయం వచ్చేదాకా ఉండనిస్తారు. ఆ జాబితాలో భారతదేశం లేదు. ఆవిడకు పనికొచ్చింది ఆవిడ పాస్‌పోర్టు. మీ ఆయన కొలీగ్ అబద్ధం చెప్పలేదు, మీ ఆయన అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

రాజాం స్నేహితుడి భార్య ఏ వీసా మీద వెళ్లిందో కనుక్కోండి. ఆమె ఇక్కడే ఫ్యామిలీ వీసా, అంటే డీ రకం, వేయించుకుని వెళ్లి ఉంటుందని నా ఊహ. ఆ వీసాతో వెళ్లినవాళ్లు అది ముగిసేలోపు అక్కడి విదేశీయుల ఆఫీసులో కార్డుకు దరఖాస్తు పెడితే, కార్డు చేతికి వచ్చేదాకా పాత వీసా హక్కులే కొనసాగుతాయి. దానికి రుజువుగా ఒక కాగితం ఇస్తారు. మనవాళ్లు ఫిక్షన్ లెటర్ అంటారు. దాంతో ఉద్యోగం చేసుకోవచ్చు, ఇండియా వచ్చి తిరిగి వెళ్లవచ్చు. ఆమె నెలల తరబడి నిశ్చింతగా ఉందంటే అందుకే.

మీకు ఎందుకు కుదరదంటే, జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్‌లోనే ఈ పాత హక్కులు కొనసాగే వెసులుబాటు గురించి చెబుతూ, షెంగెన్ విజిట్ వీసాకు ఇది వర్తించదని విడిగా రాశారు. అంటే మీరు అక్టోబర్ మొదటి వారంలో దరఖాస్తు పెట్టినా, ఆఫీసు వాళ్లు తీసుకుని రసీదు ఇచ్చినా, 13వ తేదీ 13వ తేదీయే. దరఖాస్తు అందినట్టు చెప్పే రసీదు, ఉండనిచ్చే కాగితం కాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే రసీదు మీద ముద్ర ఉంటుంది, ఫైలు నంబరు ఉంటుంది, చూడ్డానికి భరోసాగానే ఉంటుంది.

పూర్తిగా తలుపు మూసేశారా అంటే, లేదు. వీసా మీద వచ్చాక కొత్తగా హక్కు పుట్టినవాళ్లకు, ఉదాహరణకు అక్కడికి వెళ్లాకే పెళ్లి చేసుకున్నవాళ్లకు, కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీ పెళ్లి ఎప్పుడో అయింది కాబట్టి అది మీకు అతకదు. తిరిగి వెళ్లి వీసా తెచ్చుకోవడం మరీ కష్టమైన పరిస్థితుల్లో, లేదా పర్మిట్‌కు మీకు హక్కు ఉందని తేలినప్పుడు, ఆ షరతును పక్కనపెట్టే అధికారం ఆఫీసర్‌కు ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది ఆయన విచక్షణ. మొదట్నుంచీ ఉండిపోయే ఉద్దేశంతోనే విజిట్ వీసా వాడుకున్నారని కనిపిస్తే ఆ విచక్షణ మీవైపు మొగ్గడం కష్టం. ఆయన ఆలోచిస్తున్నంత సేపూ మీ రోజులు ఆగవు.

విశాఖ ఏజెంటు అన్న "కన్వర్షన్" గురించి ఎక్కువ చెప్పను. అలాంటి పని ఇక్కడ కూర్చుని చేయించేది ఏదీ లేదు. ఫ్యామిలీ వీసా దరఖాస్తు ఫీజు పెద్దలకు 75 యూరోలు, పిల్లలకు అందులో సగం. మిగతా సొమ్ము దేనికో అతన్నే కాగితం మీద రాసిమ్మనండి. రాయడు.

గడువు మీరి ఉండిపోతే ఏమవుతుంది? ఎయిర్‌పోర్టులో పట్టుకుని జైల్లో పడేస్తారని భయపెట్టను. కానీ అనుమతి లేకుండా ఉండడం జర్మనీ చట్టంలో నేరం కిందికి వస్తుంది. జరిమానా పడవచ్చు, కొంతకాలం షెంగెన్‌లోకి రాకుండా నిషేధం పెట్టవచ్చు. అన్నిటికన్నా బాధ కలిగించేది, మీకు నిజంగా హక్కుగా రావాల్సిన ఫ్యామిలీ వీసా ఫైలులోనే ఈ మచ్చ వచ్చి కూర్చుంటుంది. బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు ఆ వీసా కోసం జర్మన్ భాషలో మొదటి మెట్టు అయిన ఏ1 పరీక్ష కూడా అక్కర్లేదు. అక్కడ దిగిన రోజు నుంచి ఉద్యోగం చేసుకోవచ్చు. మిగతా ఎంతోమందికన్నా మీ దారి సులువైనది. సులువైన దారిని మనమే చెడగొట్టుకోవడం ఎందుకు?

ఇంకొకటి, ఇది మీ ఉత్తరంలో ఒక మూల కనిపించింది. సూట్‌కేసులో పాప టీసీ, మీ డిగ్రీ ఒరిజినల్స్, పెళ్లి ఆల్బమ్, కుక్కర్, రెండు కేజీల ఆవకాయ సర్దుతున్నానని రాశారు. ఆవకాయ వరకు ఎవరూ ఏమీ అనరు. కానీ తిరుగు టిక్కెట్ లేకుండా, స్కూలు టీసీతో, "మా ఆయన్ని చూసి వెళ్దామని వచ్చాను" అంటే, ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ నమ్మడు. చూసి వెళ్లడానికి వచ్చారని నమ్మకం కుదరకపోతే లోపలికి రానివ్వకుండా అక్కడి నుంచే వెనక్కి పంపే అధికారం, వీసా రద్దు చేసే అధికారం వాళ్లకుంది. నాలుగేళ్ల పిల్లను పక్కన పెట్టుకుని ఆ గదిలో కూర్చోవడం మీరు ఊహించుకోవద్దు. అలా జరగకుండా చూసుకోవచ్చు.

మీ ముందు ఉన్న దారులు ఇవి. ఏది ఎంచుకోవాలన్నది మీ ఇద్దరి నిర్ణయం.

ఇక్కడే ఉండి ఫ్యామిలీ వీసా కోసం ఆగడం ఒకటి. ఇది విసుగు పుట్టించే దారి, కానీ చెల్లెలి పెళ్లిలో ఉంటారు, ఉద్యోగం ఉంటుంది, ఫైలు శుభ్రంగా ఉంటుంది. ఈ దారిలో మీ ఆయన చేయగలిగిన పని ఒకటుంది. తానుండే ఊళ్లోని విదేశీయుల ఆఫీసును కలిసి, ఈ వీసాకు ముందస్తు సమ్మతి ఇస్తారేమో అడగవచ్చు. ఇచ్చి తీరాలని లేదు. ఇస్తే మాత్రం ఇక్కడి కాన్సులేట్ పని తేలికవుతుంది. వలస వచ్చినవాళ్లకు ఉచితంగా సలహా చెప్పే కేంద్రాలు కారితాస్, డయకొనీ లాంటి సంస్థలు జర్మనీ అంతటా నడుపుతున్నాయి. వాట్సాప్ గ్రూపు కన్నా ముందు అక్కడికి వెళ్లి ఇదే ప్రశ్న అడగమనండి. నా మాట నమ్మకపోయినా వాళ్ల మాట నమ్ముతారు.

రెండోది, నిజంగానే చూసి రావడం. సెప్టెంబర్ 9 తర్వాత ఎప్పుడైనా, తిరుగు టిక్కెట్‌తో, స్కూల్లో సెలవు పెట్టి వెళ్లి రండి. కాన్సులేట్‌లో ఫ్యామిలీ వీసా దరఖాస్తు నడుస్తోందని దాచాల్సిన పనిలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి: అది వచ్చాక కాపురానికి వస్తాం, ఇప్పుడు చూసి వెళ్తాం. ఇందులో చిక్కు ఒకటే. ఫ్యామిలీ వీసా అపాయింట్‌మెంట్‌కు ఒరిజినల్ కాగితాలతో మీరూ పాపా ఇక్కడ హాజరు కావాలి. మీరు అక్కడుండగా ఆ తేదీ వస్తే, టిక్కెట్ మార్చుకుని పరిగెత్తి రావాలి, లేదా తేదీ పోగొట్టుకోవాలి. అందుకే 90 రోజులూ కాకుండా నాలుగైదు వారాలతో సరిపెట్టుకుంటే మంచిదని నాకనిపిస్తుంది. మార్చుకోవడానికి వీలుండే టిక్కెట్ తీయండి, కాస్త ఖరీదు ఎక్కువైనా. దరఖాస్తు పెట్టిన వెబ్‌సైట్‌ను మాత్రం అక్కడి నుంచి కూడా రోజూ చూస్తూ ఉండండి.

మూడోది మీ ఉత్తరంలో అసలు లేదు, అదే నాకు ఆశ్చర్యం. ఆయన రావచ్చు కదా? వారానికి అయిదు రోజుల పని అయితే జర్మనీ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 20 పని రోజుల జీతంతో కూడిన సెలవు ఉంటుంది, చాలా కంపెనీలు ఇంకా ఎక్కువే ఇస్తాయి. బ్లూ కార్డు ఉన్నవాళ్లు ఏడాది దాకా దేశం బయట ఉన్నా కార్డు పోదు కాబట్టి, ఆ భయమూ లేదు. సంక్రాంతికి వచ్చి మరదలి పెళ్లి చూసుకుని వెళ్లేలా సెలవులు కలుపుకోవచ్చు. మీరు మూడు విమానాలు మారి, పాపను ఎత్తుకుని వెళ్లడమే ప్రేమకు రుజువు ఎందుకవ్వాలి?

నాలుగోది మీ ఆయన దారి. వెళ్లి, అక్కడే దరఖాస్తు పెట్టి, ఆఫీసర్ దయ మీద ఉండడం. దాన్ని ఎంచుకోవాలనే అనుకుంటే, టిక్కెట్ కన్నా ముందు అక్కడి విదేశీయుల చట్టం చూసే లాయర్‌తో మాట్లాడి, "విజిట్ వీసాతో వచ్చిన భారతీయురాలు, వచ్చేనాటికే పెళ్లైన భార్య" అన్న మాటలు వాడి, రాతపూర్వకంగా జవాబు తీసుకోమనండి. లాయర్ కూడా సరేనంటే అప్పుడు మాట్లాడదాం. ఈ దారిలో మీరు జనవరి, ఫిబ్రవరిలో ఇండియా వచ్చి తిరిగి వెళ్లడం కుదరకపోవచ్చని ముందే తెలుసుకోండి. బయటికి వస్తే ఆ దరఖాస్తు మిమ్మల్ని తిరిగి లోపలికి తీసుకెళ్లదు.

ఇక "నీకు రావాలని లేదు" అన్న మాట. అది వీసా గురించిన మాట కాదు. ఏడాదిన్నరగా ఫోన్లో పాప పెరగడం చూస్తున్న మనిషి నోటి నుంచి వచ్చిన మాట. దానికి మీరు సెక్షన్లతో జవాబు చెబితే ఇంకా మండిపోతారు. ముందు రావాలని ఉందని చెప్పండి, ఎప్పుడు వస్తారో ఒక తేదీతో చెప్పండి. సెప్టెంబర్ 1 కాకపోతే సెప్టెంబర్ చివరి వారమా, దసరా తర్వాతా? తేదీ చెప్పాక క్యాలెండర్ తీయండి. ఇద్దరూ వీడియో కాల్‌లో కూర్చుని 47, 43 కూడండి. తను వేసిన లెక్కను తనే నమ్మడం తేలిక. ఒక మాట మాత్రం గట్టిగా అడగండి: గడువు మీరిపోతే నాకూ పాపకూ పడే నిషేధం నువ్వు మోస్తావా అని. కోపంగా కాదు, నిజంగా జవాబు కోసం.

అత్తగారికి ఇదంతా వివరించే భారం మీ మీద వేసుకోకండి. అది వాళ్లబ్బాయి ఫోన్లో చెప్పాల్సిన విషయం.

కాగితాల సంగతి కొంచెం. మన వైపు ఇంటిపేరు ముందు రాసుకుంటాం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంకోచోట పడుతుంది. మీది ఒక్కచోట సరైంది. పాప బర్త్ సర్టిఫికెట్‌లో మీ పేరు, మీ ఆయన పేరు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. తేడా ఉంటే అపాయింట్‌మెంట్ వచ్చాక పరిగెత్తే కన్నా ఇప్పుడే సచివాలయంలో సవరణకు పెట్టండి. ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, వీసా తిరస్కరిస్తే కాన్సులేట్‌కే మళ్లీ పరిశీలించమని అర్జీ పెట్టుకునే పద్ధతిని జర్మనీ 2025 జూలై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు కొత్తగా దరఖాస్తు పెట్టాలి, లేదా బెర్లిన్ కోర్టుకు వెళ్లాలి. మొదటిసారే కాగితాలు గట్టిగా ఉండాలి.

వీసా వచ్చి వెళ్లాక ఇల్లు చేరిన రెండు వారాల్లో అక్కడి మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, వీసా ముగిసేలోగా కార్డుకు దరఖాస్తు పెట్టాలి. అప్పుడు మీకొచ్చే ఫిక్షన్ లెటర్ రాజాం ఆవిడకు వచ్చినలాంటిదే. దాంతో ఇండియా వచ్చేటప్పుడు ఒరిజినల్ కాగితం, ముగిసిన వీసా ఉన్న పాస్‌పోర్టు రెండూ దగ్గరుంచుకోండి, తిరుగు ప్రయాణంలో మరో షెంగెన్ దేశంలో విమానం మారకుండా నేరుగా జర్మనీలో దిగేలా చూసుకోండి. ఆ డీ వీసా మీదా కార్డు మీదా జర్మనీలో ఉన్న రోజులకు ఈ 90 రోజుల గొడవే లేదు.

ముందు చేయాల్సిన పనులు రెండు. సెప్టెంబర్ 1 టిక్కెట్ల తేదీ మార్చడానికి ఎంత అడుగుతారో ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేయండి. స్కూలు హెడ్మాస్టరును కలిసి, రాజీనామా బదులు సెలవుగా మార్చే వీలుందా అడగండి. మధ్యలో లెక్కల టీచరు దొరకడం వాళ్లకూ కష్టమే, ఒప్పుకోవచ్చు.